పుట్టని రాక్షసుడికి జాతక చక్రం

2025 ఆగస్టులో నాలుగు సబ్‌క్లాసుల, అంటే పాత్రల ఉపరకాల, ప్రయోగ కాగితం బయటికొచ్చిందో లేదో, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆట ఆడేవాళ్లలో ఒక పెద్ద వర్గం పాచికలు పక్కన పడేసి పంచాంగం తెరిచింది. డ్రూయిడ్‌కు సర్కిల్ ఆఫ్ ప్రిజర్వేషన్, ఫైటర్‌కు గ్లాడియేటర్, సోర్సరర్‌కు డిఫైల్డ్ సోర్సరీ, వార్లాక్‌కు సోర్సరర్-కింగ్ అండ. ఈ నాలుగు పేర్లు చదివిన రాత్రే కొందరికి మొత్తం పుస్తకం కళ్లకు కట్టింది. అట్ట మీది బొమ్మ, పేజీల సంఖ్య, లోపలి రాక్షసుల పట్టిక, వాళ్లలో ఎవరికి ఎన్ని చేతులన్న వివరం కూడా. పుస్తకం పేరు డార్క్ సన్. ఈ ఆట పుస్తకాలు అచ్చేసే విజార్డ్స్ కంపెనీ ఆ మాట అప్పటికి ఎక్కడా అనలేదు. అనలేదు కాబట్టే అది ఖాయమట. అని ఉంటే దారి మళ్లించడానికి అన్నట్టట.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న పెద్దమనిషి వీళ్లను చూసి ఉంటే సోమలింగానికి రాక్షసుల బలం కొలిచే ఛాలెంజ్ రేటింగు కూడా వేసి పోయేవాడు.

తెలుగువాళ్లకు ఈ జబ్బు లక్షణాలు విడిగా చెప్పక్కర్లేదు. సినిమా షూటింగు మొదలవకముందే టైటిల్ లుక్, టీజర్ తేదీ చెప్పడానికి ఒక పోస్టర్, ఆ పోస్టర్ తేదీ చెప్పడానికి ఇంకో ప్రకటన, ఈలోగా నిర్మాణ సంస్థను ‘అన్నా, అప్‌డేట్’ అంటూ పీక్కుతినే అభిమానులు. అయితే సినిమా అభిమానికి ఒక నిజాయితీ ఉంది. రిలీజు రోజు పొద్దున్నే వెళ్లి సినిమా చూస్తాడు. బాగాలేకపోతే బయటికొచ్చి తిడతాడు. ఈ ఆటలో జోస్యం చెప్పేవాడు ఆ పని కూడా చెయ్యడు. పుస్తకం చేతికొచ్చే వేళకి దాని మీద మోజు తీరిపోయి, దాని తర్వాతి పుస్తకం మీద నాలుగో జాబితా రాస్తుంటాడు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన మాన్‌స్టర్ మాన్యువల్‌లో 500కు పైగా రాక్షసులున్నారు. వారానికొక సెషన్ చొప్పున, సెషన్‌కు ముగ్గురు కొత్త రాక్షసుల చొప్పున, ఒక్క వారం కూడా నాగా పెట్టకుండా ఆడినా అవి పూర్తయ్యేసరికి మూడేళ్లు దాటుతాయి. పెద్దవాళ్లయిపోయి, ఉద్యోగాలొచ్చి, పిల్లలు పుట్టాక వారం వారం నాగా లేకుండా ఆడే బల్ల ఎక్కడుందో ఆ జోస్యులే చెప్పాలి. అయినా పుస్తకం వచ్చిన నెలలోపే మొదటి ప్రశ్న: ‘మరి రెండో రాక్షసుల పుస్తకం ఎప్పుడు?’

ఈ శాస్త్రానికి ప్రమాణాలున్నాయి. ఒకటి, అమ్మకందారుల జాబితా. అందులో పేరు లేని పుస్తకం ఒకటి కనిపిస్తుంది: గట్టి అట్ట, ఇన్ని డాలర్లు, ఫలానా నెల. అంతకు మించి ఏమీ ఉండదు. పేరున్న పుస్తకాల మీద నాలుగు మాటలు మాట్లాడనివాళ్లు ఈ పేరులేని దాని మీద గ్రంథం విప్పుతారు. 2020 జనవరిలో ఎక్స్‌ప్లోరర్స్ గైడ్ టు వైల్డ్‌మౌంట్ కంపెనీ నోరు తెరవకముందే అమెజాన్‌లో దర్శనమిచ్చింది. ఆ రోజు నుంచి అమ్మకం పేజీలకు కాపలా కాయడం ఒక వృత్తయింది. జీతం లేని వృత్తి.

రెండో ప్రమాణం అన్‌ఎర్త్డ్ ఆర్కానా. ఇది కంపెనీ ఉచితంగా వదిలే ప్రయోగ పాఠం. ఇది చిత్తుప్రతి, ఆటలో అధికారిక భాగం కాదు అని అందులోనే రాసి ఉంటుంది. పంచాంగం తెరిచినవాళ్లు ఆ ఒక్క వాక్యం తప్ప మిగతావన్నీ చదువుతారు. నిజమే, కొన్నిసార్లు గురి తగిలింది. 2021 ఏప్రిల్‌లో డ్రాగన్ సంబంధమైన చిత్తుప్రతి వచ్చింది, అక్టోబరులో ఫిజ్‌బన్స్ ట్రెజరీ ఆఫ్ డ్రాగన్స్ వచ్చింది. అదే అక్టోబరులో నీటిగుర్రం తల గల గిఫ్, జిగురు ముద్దలాంటి ప్లాస్మాయిడ్ వచ్చాయి, మరుసటి ఆగస్టుకు స్పెల్‌జామర్ పెట్టె వచ్చింది. చెప్పబోయేది కంపెనీయే ముందుగా చెవిలో వేస్తే దాన్ని పైకి అనడం జోస్యం ఎలా అవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఇక 2022 జులైలో అదే తరహా కాగితంలో వచ్చిన గ్లిచ్‌లింగ్ అనే యంత్రజాతి ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. దాని మీద ఎన్ని కోటలు కట్టారో, ఆ కోటలు ఏమయ్యాయో అడిగితే సభలో నిశ్శబ్దం.

ఇక డార్క్ సన్.

1991లో ఈ ఆట అప్పటి ప్రచురణ సంస్థ టీఎస్‌ఆర్ అచ్చువేసిన పెట్టె అది. అథాస్ అనే ఎండిపోయిన లోకం. అక్కడ అదుపు లేకుండా మంత్రం వేస్తే చుట్టూ ఉన్న పచ్చదనం మాడి బూడిదవుతుంది. దేవుళ్లు లేరు. లోహం దొరకడం అరుదు, కత్తులు ఎముకతోనూ రాతితోనూ చేస్తారు. ఊళ్లకు ఊళ్లు మాంత్రిక రాజుల పిడికిట్లో ఉంటాయి. బ్రోమ్ వేసిన బొమ్మలు చూస్తే నోరు ఎండిపోతుంది. ఇందులో వెక్కిరించడానికేమీ లేదు. ఆ ఆట ఊహించిన లోకాల్లో బహుశా అన్నిటికంటే ధైర్యమైనది ఇదే. వెక్కిరించాల్సింది 2014లో ఐదో ఎడిషన్ మొదలైన నాటి నుంచి ఈ లోకం ‘వచ్చే ఏడాది’ వస్తూ ఉండటాన్ని.

2015లో మిస్టిక్ అనే మనోశక్తుల క్లాసు ప్రయోగానికి వచ్చింది. మనోశక్తులు అంటే అథాస్, అథాస్ అంటే డార్క్ సన్, కాబట్టి పుస్తకం వచ్చేస్తోందన్నారు. మిస్టిక్ 2017 దాకా పెరిగి పెద్దదై, ఆ తర్వాత ఏ పుస్తకమూ ఎక్కకుండానే అటకెక్కింది. 2021 అక్టోబరు కాగితంలో థ్రై-క్రీన్ కనిపించింది. గొల్లభామకు మనిషంత ఒడ్డూ పొడుగూ వస్తే ఎలా ఉంటుందో అలాంటి జాతి, అథాస్‌లో పేరున్నది. ‘చెప్పామా లేదా’ అన్నారు. థ్రై-క్రీన్ వచ్చింది, ఎడారిలోకి కాదు, స్పెల్‌జామర్ ఓడ ఎక్కి అంతరిక్షంలోకి. అథాస్‌లో ఓడ తేలడానికి నీళ్లే లేవన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

2023లో విజార్డ్స్ తరఫున ఆ ఆట బాధ్యత చూస్తున్న కైల్ బ్రింక్ ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. డార్క్ సన్‌లో సమస్యలు చాలా ఉన్నాయని, తాము దాని జోలికి వెళ్లకపోవడానికి ముఖ్య కారణం అదేనని. ఆ లోకం నిండా బానిసత్వమే కాబట్టి ఈ మాటలో అర్థం కానిదేమీ లేదు. అర్థం చేసుకోకూడదని కంకణం కట్టుకున్నవాళ్లు మాత్రం దాన్నీ శుభశకునంగానే తీసుకున్నారు. కాదన్నాడంటే దాని గురించి ఆలోచించాడన్నమాట! ఆలోచించాడంటే రాస్తున్నారన్నమాట! పెళ్లి వద్దన్న పిల్ల ఇంటి ముందు పందిరి వేసే రకం ఇది.

2025 మే నెలలో సయాన్ అనే మనోశక్తుల క్లాసు ప్రయోగానికి వచ్చింది, ఆగస్టులో ఈ నాలుగు సబ్‌క్లాసులు. కాబట్టి ఈసారి నిజంగానే రావచ్చు. సోర్సరర్-కింగ్ అన్న మాట వేరే ఏ లోకానిదీ కాదు, ఆ మాత్రం చిన్నపిల్లాడూ పట్టుకోగలడు. వస్తే ఏమవుతుంది? ఇన్నేళ్లు తప్పిన ప్రతి జోస్యమూ ఆ రోజు ఒప్పయిపోతుంది. ‘2015లోనే చెప్పాం’ అని శిలాశాసనాలు వేస్తారు. ఒక మాట ప్రతి ఏడూ తప్పకుండా చెబుతూ పోతే ఏదో ఒక ఏడు అది నిజం కాకుండా ఎలా తప్పించుకుంటుంది? సంవత్సర ఫలాల్లో ‘కొన్ని ప్రాంతాల్లో వర్షాలు’ అని రాసేవాడికి కూడా ఇంత సుఖం లేదు. వాడు కనీసం ఏటా కొత్త పంచాంగం అచ్చు వెయ్యాలి.

అన్నిటికంటే ఒళ్లు మండించే సంగతి ఇంకొకటుంది. 1991 నాటి ఆ పెట్టెలోని పుస్తకాలన్నీ డిజిటల్ ప్రతిగా ఇవాళ చట్టబద్ధంగా కొనుక్కోవచ్చు. 2010లో నాలుగో ఎడిషన్‌కు రాసిన డార్క్ సన్ ఉండనే ఉంది. థ్రై-క్రీన్ కావాలంటే స్పెల్‌జామర్‌లో దొరుకుతుంది. ఎడారి కావాలా, కాగితం మీద గీత గీసి ‘ఇది ఎడారి’ అంటే సరిపోతుంది. ఈ శనివారం సాయంత్రం నలుగురు స్నేహితులను పిలిచి అథాస్‌లో దాహంతో చంపొచ్చు. వాళ్లను ఆపుతున్నది ఎవరు? ఎవరూ లేరు. ఆడాలనే కోరిక ఉన్నవాడికి ఆట 2014 నుంచీ తెరిచే ఉంది. జోస్యులకు కావాల్సింది డార్క్ సన్ కాదు, డార్క్ సన్ వస్తోందన్న వార్త. అది రాగానే వాళ్ల పని పోతుంది పాపం.

సాహస కథల మీద జోస్యం ఇంకా సులువు, దానికి బుర్ర కూడా అక్కర్లేదు. పాత టీఎస్‌ఆర్ జాబితా తెరిచి కళ్లు మూసుకుని వేలు పెడితే చాలు. ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు 1983లో 32 పేజీల్లో ముగించిన రేవెన్‌లాఫ్ట్ 2016లో 256 పేజీల కర్స్ ఆఫ్ స్ట్రాడ్ అయింది. 2020లో అదే కథ శవపేటికలాంటి పెట్టెలో మళ్లీ వచ్చింది. 2017 నాటి టేల్స్ ఫ్రమ్ ది యానింగ్ పోర్టల్‌లో ఉన్నవన్నీ పాత కథలే. గోస్ట్స్ ఆఫ్ సాల్ట్‌మార్ష్‌కు పునాది 1980ల తొలినాళ్ల బ్రిటిష్ కథలు. 2024 నాటి క్వెస్ట్స్ ఫ్రమ్ ది ఇన్ఫినిట్ స్టెయిర్‌కేస్‌లో ఆరు కథలు, ఆరూ పాతవే. 2014లో స్టార్టర్ పెట్టెలో ఇచ్చిన ఫాండెల్వర్ గని కథ 2023లో సాగదీసి మళ్లీ వచ్చింది. మిగిలింది ఏమిటో తేల్చడానికి జోస్యం దేనికి, కొట్టు గుమాస్తా చాలు.

రాక్షసుల విషయంలో ఈ జోస్యుల భక్తి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఫలానా జీవి పుట్టుపూర్వోత్తరాలు కొత్త పుస్తకంలో మారతాయా, గోబ్లిన్‌ను ఫే జాతిలో చేర్చడం శాస్త్రసమ్మతమేనా, కోబోల్డ్ ఇప్పుడు డ్రాగన్ ఎలా అవుతాడు, ఆర్క్‌లకు విడిగా స్టాట్ బ్లాక్ అనే అంకెల పట్టిక ఎందుకు తీసేశారు అంటూ మఠాధిపతుల స్థాయిలో వాదాలు. ఆ శాస్త్రం ఎక్కడ పుట్టిందో ఒకసారి చూడాలి. ఈ ఆట సృష్టికర్తల్లో ఒకడైన గ్యారీ గైగాక్స్ 1970ల మొదట్లో చవక బజారులో ఒక ప్లాస్టిక్ బొమ్మల సంచి కొన్నాడు. హాంకాంగ్ సరుకు, ‘చరిత్రపూర్వ జంతువులు’ అన్న చీటీ. ఆ బొమ్మలు ఏ యుగంలోనూ ఏ భూమ్మీదా తిరిగినవి కావు. వాటిలో ఒకటి ఇనుము తినే రస్ట్ మాన్‌స్టర్ అయింది, ఒకటి గుడ్లగూబ తల గల ఎలుగుబంటి అయింది, ఇంకొకటి నేల చీల్చుకొచ్చే బులెట్ అయి 1976లో ది డ్రాగన్ పత్రిక తొలి సంచికకు ఎక్కింది. బల్ల మీద ఏదో ఒకటి కావాలి, చేతికందింది పెట్టాడు. తర్వాతి సంచిలో ఏ బొమ్మలొస్తాయో ఊహిస్తూ కూర్చోలేదు.

మన రాక్షసుడి కథ ఇంకా సొగసు. 1977 మాన్‌స్టర్ మాన్యువల్‌లో రాక్షస అన్న పేరుతోనే ఉన్నాడు. డేవిడ్ ట్రాంపియర్ గీసిన బొమ్మలో పులి తల, దొరల కోటు, నోట్లో పైపు. తర్వాతి ఎడిషన్లలో అరచేతులు వెనక్కి తిరిగాయి. పూజారి చేత మంత్రించిన క్రాస్‌బో బాణం తగిలితే చచ్చిపోయేవాడు. ఇది వాల్మీకి చెప్పాడా, వ్యాసుడు చెప్పాడా అని వెతకనక్కర్లేదు. కోల్‌చాక్ అనే అమెరికా టీవీ ధారావాహికలో 1974 డిసెంబరులో ప్రసారమైన ఒక భాగం గైగాక్స్‌కు ఆధారం. బాణం సంగతీ అక్కడిదే. 1957లోనే మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుణ్ని చూసి, రాక్షసుడంటే పెళ్లి భోజనం మొత్తం ఒంటిచేత్తో ఖాళీ చేసి మీసం తిప్పేవాడని నేర్చుకున్న జాతికి ఈ పైపు పీల్చే పులి ఎలా ఆనుతాడు? అలాగని అవమానం జరిగిందని జెండాలు పట్టాల్సిన పనీ లేదు. 1980 నాటి డైటీస్ అండ్ డెమిగాడ్స్‌లో ఇంద్రుడికి, అగ్నికి హిట్ పాయింట్లు లెక్కగట్టి అచ్చేశారు, భూమి బద్దలు కాలేదు.

అసలు బాధ ఇక్కడుంది. హైదరాబాదులోనూ డల్లాస్‌లోనూ ఈ ఆట ఆడే తెలుగు కుర్రాళ్లు ‘మన పురాణాల మీద పుస్తకం ఎప్పుడొస్తుందన్నా?’ అని అడుగుతారు. ‘వచ్చే ఏడాది గ్యారంటీ రా’ అని అన్న అంటాడు. 2022లో జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్ వచ్చింది. 13 కథలు, అందులో మిమీ మోండల్ రాసిన ఇన్ ది మిస్ట్స్ ఆఫ్ మణివర్ష బెంగాల్ నేలవాసనతో ఉంటుంది. కోల్‌కతా అమ్మాయి రాసింది, అచ్చయింది, అందుబాటులో ఉంది. దాన్ని ఎంతమంది ఆడారు? అది వదిలేసి మళ్లీ ‘మన పుస్తకం ఎప్పుడు’. ఘటోత్కచుడికి స్టాట్ బ్లాక్ రాయడానికి అరగంట పడుతుంది. ఆకారం మార్చే మాయ, ఆకాశ గమనం, గద, తల్లి మాటంటే ప్రాణం, ఇంతే. సియాటిల్ పక్కనున్న ఒక ఆఫీసు దాన్ని 49.99 డాలర్ల అట్టలో పెట్టి పంపేదాకా మన రాక్షసుణ్ని మనం తాకకూడదన్న నియమం ఎవరు పెట్టారు? రూపాయల్లో నాలుగు వేలు దాటే ఆ అట్ట కోసం ఎదురుచూసే ఓపిక ఉన్నవాడికి అరగంట రాసే ఓపిక ఎందుకుండదు?

ఆ నాలుగు వేల సంగతి ఎత్తాం కాబట్టి చెప్పుకోవాలి. 2016లో వోలోస్ గైడ్ టు మాన్‌స్టర్స్ కొన్నవాడు, 2018లో మోర్డెన్‌కైనెన్స్ టోమ్ ఆఫ్ ఫోస్ కొన్నవాడు, 2022లో మాన్‌స్టర్స్ ఆఫ్ ది మల్టివర్స్ తెరిచి చూస్తే ఏం కనిపించింది? ఆ రెండు పుస్తకాల రాక్షసులే, అంకెలు సవరించి, వెనక ఉన్న కథలు చాలావరకు కోసేసి. ఆ పుస్తకం విడిగా అమ్మకానికి రాగానే పాత రెండింటి డిజిటల్ ప్రతులను అంగట్లోంచి తీసేశారు. అదే రాక్షసుణ్ని రెండోసారి కొనిపించడం మంచి వ్యాపారమే. దాన్ని ‘రాబోయే గొప్ప రాక్షస గ్రంథం’ అని నెలల తరబడి ఊరూవాడా టముకేసినవాళ్లు కంపెనీ ఉద్యోగులు కారు. జీతం లేకుండా, అడక్కుండా, గర్వంగా ఆ పని చేసినవాళ్లు ఈ జోస్యులే.

ఇందులో నవ్వొచ్చే భాగం ఇక్కడితో అయిపోయింది. 2022 డిసెంబరులో అప్పటి విజార్డ్స్ అధ్యక్షురాలు సింథియా విలియమ్స్ మదుపరులతో మాట్లాడుతూ ఈ ఆట నుంచి పిండాల్సినంత డబ్బు ఇంకా పిండలేదన్న అర్థం వచ్చేలా చెప్పింది. డబ్బు పెట్టేది ఎక్కువగా ఆట నడిపించే డంజన్ మాస్టర్లే, మిగతా ఆటగాళ్ల చేతా పెట్టించాలన్నది సారాంశం. నెల తిరగకుండానే 2000 నుంచి అందరికీ తెరిచి ఉంచిన లైసెన్సును బిగించే ముసాయిదా బయటపడింది. ఆటగాళ్లు మూకుమ్మడిగా తిరగబడి చందాలు మానేస్తే, 2023 జనవరి 27న కంపెనీ తోక ముడిచి నియమాల మూలపాఠాన్ని క్రియేటివ్ కామన్స్ కిందికి వదిలేసింది. లీకు అన్నది ఎవరికైనా పనికొచ్చిన సందర్భం ఉందంటే అదొక్కటే. అదే ఏడాది ఏప్రిల్‌లో అదే కంపెనీ, తన ఇంకో ఆట మ్యాజిక్ కార్డులు విడుదలకు ముందే ఒక వీడియోకారుడి చేతికి చిక్కితే, అతని ఇంటి తలుపు తట్టడానికి పింకర్టన్ అనే డిటెక్టివ్ సంస్థ మనుషులను పంపింది. తాను వదిలిన లీకుకు చప్పట్లు కావాలి, తాను వదలనిదానికి పింకర్టన్‌లు కావాలి. దీని తర్వాత కూడా ఎవరో అమ్మకం పేజీలో నెల పేరు చూసి ‘దొరికింది, దొరికింది’ అని గెంతుతుంటే ఏమనాలి?

2023 డిసెంబరు 7న బాల్డర్స్ గేట్ 3 ఆ ఏటి మేటి వీడియోగేమ్‌గా బహుమతి అందుకుంది. ఈ ఆట నియమాల మీద, ఈ ఆట రాక్షసుల మీద కట్టిన గేమ్ అది. నాలుగు రోజులకు, డిసెంబరు 11న, క్రిస్మస్ ముంగిట, విజార్డ్స్ మాతృసంస్థ హాస్‌బ్రో దాదాపు 1,100 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. అందులో ఈ ఆట పుస్తకాలు రాసినవాళ్లు, దిద్దినవాళ్లు, బొమ్మలు చూసుకున్నవాళ్లు ఉన్నారు. మొదట్లో తాము కూర్చుని మాట్లాడిన గదిలోని డీ అండ్ డీ మనుషుల్లో దాదాపు ఎవరూ మిగల్లేదని ఆ గేమ్ తయారుచేసిన లారియన్ అధిపతి స్వెన్ వింకే బాధపడ్డాడు. బయటివాడికి ఆ బాధ కలిగింది. ఇంటివాళ్లమని చెప్పుకునే అభిమానుల్లో చాలామంది ప్రశ్న వేరు: ‘దీనివల్ల వచ్చే ఏడాది పుస్తకాలు ఆలస్యమవుతాయా?’ రాక్షసుణ్ని రాసిన మనిషి పండక్కి ముందు అట్టపెట్టెలో తన సామాన్లు సర్దుకుంటుంటే, ఆ రాక్షసుడి తర్వాతి రూపానికి ఎన్ని హిట్ పాయింట్లో లెక్కేస్తున్నారు. సిగ్గుండాలి.

2025లో కూడా అదే వరస. మార్చిలో సిగిల్ అనే త్రీడీ డిజిటల్ ఆటబల్ల మీద పనిచేసేవాళ్లలో 30 మంది దాకా ఇంటికెళ్లారు. ఐదో ఎడిషన్‌కు మూలస్తంభాల్లాంటి క్రిస్ పెర్కిన్స్, జెరెమీ క్రాఫర్డ్ విజార్డ్స్ వదిలి డారింగ్టన్ ప్రెస్ అనే వేరే సంస్థలో చేరారు. ఆగస్టులో రావాల్సిన ఎబెరాన్ పుస్తకం డిసెంబరుకు జరిగింది. ఒక్కో వార్తకూ ఒకటే స్పందన, జాబితాలో తేదీలు దిద్దుకోవడం. రాసేవాళ్లు మారితే రాత మారుతుందా, ఉన్న కొద్దిమంది మీద ఎంత బరువు పడుతుంది, ఇన్ని పుస్తకాలు ఇంత తొందరగా ఎందుకు అని అడిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

కంపెనీని మాత్రమే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. బయటి సంస్థ కోబోల్డ్ ప్రెస్ 2016లో 400కు పైగా రాక్షసులతో టోమ్ ఆఫ్ బీస్ట్స్ వేసింది. 2020లో రెండోది, 2022లో మూడోది. మధ్యలో క్రియేచర్ కోడెక్స్. ఎంసీడీఎం వాళ్లు 2023లో ఫ్లీ, మోర్టల్స్! తెచ్చారు, మామూలు రాక్షసులు బల్ల మీద నిస్సారంగా ఉంటున్నారన్న ఫిర్యాదుకు అదొక జవాబు. ఇవన్నీ చందాలు కట్టి మరీ కొన్నారు జనం. మంచి పుస్తకాలే. అల్మరాలో రాక్షసుల జనాభా వేలు దాటింది. ఇంత జనాభా ఉన్న ఊళ్లో ఇంకా పుట్టనివాడి కోసం వీధి చివర నిలబడి ఎదురుచూపు!

1981లో ఫీండ్ ఫోలియో అనే రాక్షసుల పుస్తకం వచ్చినప్పుడు అందులోని చాలా జీవులు పాఠకులు పంపినవి. బ్రిటన్‌లో వైట్ డ్వార్ఫ్ పత్రికకు కుర్రాళ్లు ఇంట్లో కూర్చుని, తమ బల్ల మీద ఆడి చూసుకుని పంపారు. ఇప్పటికీ అందరూ జపించే గిథ్‌యాంకీని సృష్టించింది అప్పటికి ఇంకా కుర్రాడైన చార్లెస్ స్ట్రాస్, తర్వాత సైన్స్ ఫిక్షన్ నవలలతో పేరు తెచ్చుకున్నవాడు. గాల్లో తేలే తెల్లటి పీఠంలాంటి ఫ్లంఫ్ కూడా ఆ పుస్తకంలోదే. చాలా ఏళ్లు దాన్ని చూసి నవ్వారు, ఇప్పుడు ముద్దు చేస్తున్నారు. ఆ కుర్రాళ్లు ‘టీఎస్‌ఆర్ తర్వాత ఏం తెస్తుంది’ అని జాబితాలు రాస్తూ కూర్చుంటే గిథ్‌యాంకీ ఉండేవాడు కాదు, ఫ్లంఫ్ ఉండేది కాదు, ఇవాళ్టి జోస్యులకు జాబితాలో రాసుకోవడానికి సగం పేర్లు ఉండేవి కావు.

అప్పట్లో కంపెనీ కూడా ఆటగాడి చేతికి పెన్ను ఇచ్చేది. మైక్ కార్ రాసిన ఇన్ సెర్చ్ ఆఫ్ ది అన్‌నోన్‌లో ఒక్కో గది వర్ణన కింద రాక్షసుడు ఎవరు, నిధి ఏమిటి అన్నచోట ఖాళీ గీతలుండేవి. నింపుకోవాల్సింది ఆడించేవాడే. గైగాక్స్ ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్‌లో ఒక గుహను పేరు పెట్టి మరీ ఖాళీగా వదిలేశాడు. లోపల ఏముందో మీరే తేల్చుకోండన్నాడు. ఆ సరిహద్దు కోటనే హీరోస్ ఆఫ్ ది బోర్డర్‌ల్యాండ్స్ పేరుతో కొత్త స్టార్టర్ సెట్‌గా 2025 సెప్టెంబరులో దించారు. ఆ ఖాళీ గుహలో ఈసారి కంపెనీ ఎవర్ని కూర్చోబెట్టబోతోందో చెబుతూ ఆధారాలతో సహా పది పేర్ల పట్టిక ఒకటి విడుదలకు ముందే ఎక్కడో తయారై ఉంటుంది, డార్క్ సన్ మాంత్రిక రాజు పేరు మొదటి వరసలోనే ఉండి ఉంటుంది.